మందుల పంపిణీయా? మందుల పరీక్షయా?

గ్రామమునకు మందు రెండు విధములుగా వచ్చును. మొదటిది, ఇదివరకే పరీక్షింపబడి, గుణదోషములు తేలి, ప్రభుత్వముచే అంగీకరింపబడిన మందు. పసిబిడ్డలకు వేయు పోలియో చుక్కలు, బోదకాలు నివారణకై ఇంటింటికి వచ్చి ఇచ్చు మాత్రలు ఈ తరగతిలోనివి. ఇది పంపిణీ. రెండవది, గుణమెంతయో దోషమెంతయో ఇంకను పూర్తిగా తేలనందున, దానిని తేల్చుకొనుటకై మనుష్యులకిచ్చి చూచు మందు. ఒక్కొక్కప్పుడు మందు అంగీకారము పొందినదే యైనను, దానిని క్రొత్త ప్రాంతములో క్రొత్త పద్ధతిపై ఇచ్చి ఫలితములను లెక్కించెదరు. ఇది పరిశోధన.

రెండును ప్రజల మేలు కోరి చేయునవే. అయినను వీని మధ్య ముఖ్యమైన భేదము కలదు. పంపిణీలో మనము మందు పుచ్చుకొనువారము. పరిశోధనలో మనము సహాయము చేయువారము. మన శరీరముతో, మన కాలముతో, కొంత అపాయమునకు సిద్ధపడి విజ్ఞానమునకు తోడ్పడుచున్నాము. అట్టి సహాయమును కోరువారు ముందుగా విషయమంతయు చెప్పి, మన అనుమతిని అడుగవలెను.

పరిశోధకులు గ్రామమునకు వచ్చినపుడు తరచుగా పంచాయతీ సభ్యులనే మొదట కలిసికొందురు. సభ్యుడు చెప్పినచో జనులు వచ్చెదరని వారికి తెలియును. అందుచేత ఈ భేదమును ఇతరులకంటె ముందుగా తెలిసికొనవలసినవారు పంచాయతీ సభ్యులే. ఆ విషయమును ఇచట సంగ్రహముగా వివరింపదలచితిమి.

జంతువులపై పరీక్ష ఎందుకు?

క్రొత్త మందును మొట్టమొదట మనుష్యులకు ఈయరాదని ప్రపంచము చాల కష్టపడి నేర్చుకొన్నది. 1937లో అమెరికాలో ఒక సంస్థ సల్ఫానిలమైడ్ అను మంచి మందును పిల్లలు సులభముగా త్రాగుటకు వీలుగా పానకమువలె తయారు చేసి అమ్మినది. మందును కరగించుటకు వాడిన తియ్యని ద్రవము విషము. అమ్ముటకు ముందు దానిని ఒక్క జంతువునకైనను ఇచ్చి చూచియుండలేదు. నూరుమందికి పైగా మరణించిరి. మృతులలో పసిపిల్లలు అనేకులు. మరుసటి సంవత్సరమే, 1938లో, మందు అమ్ముటకు ముందు అది అపాయకరము కాదని రుజువు చేయవలెనని ఆ దేశము చట్టము చేసినది.

జంతువులపై చేసిన పరీక్ష ఎంతటి మేలు చేయగలదో తెలియుటకు మన తెలుగువారి కృషియే చాలును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికాకు వెళ్ళి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఆయన బృందము బోదకాలునకు మందు వెదకునపుడు నేరుగా రోగుల యొద్దకు పోలేదు. అమెరికాలో పత్తి ఎలుక అను ఒక జాతి ఎలుకలకు బోదవ్యాధి పురుగు వంటి పురుగే సోకును. ఆ ఎలుకలపై అనేక రసాయనములను పరీక్షించి, పనిచేయుదానిని ఏరుకొనిరి. దానిని కుక్కలలోను పరీక్షించిన పిమ్మటనే 1947 నాటికి ప్యూర్టో రికో ద్వీపమందలి రోగులకిచ్చి ఫలితములు ప్రకటించిరి. నేడు మన గ్రామములలో బోదకాలు నివారణకిచ్చు డి.ఇ.సి. మాత్ర ఇదియే. గర్భిణీ స్త్రీలకు, రెండేండ్లలోపు బిడ్డలకు, తీవ్రమైన జబ్బుతో నున్నవారికి ఈ మాత్రను ఈయరు. మందును ఎవరికి ఈయవచ్చునో, ఎవరికి ఈయరాదో కూడ పరిశోధనల వలననే నిర్ణయించెదరు.

ఆ మాత్రతో కలిపి కొన్ని జిల్లాలలో ఇచ్చుచున్న ఐవర్మెక్టిన్ కథ ఇంకను విచిత్రమైనది. అది 1981లో పశువుల పురుగుల మందుగా అంగడికి వచ్చినది. పాడిపశువులు గల రైతులలో పలువురు దాని నెరుగుదురు. పశువులలో దాని గుణము చూచిన పిదప, మనుష్యులలో పరీక్షలు జరిపి, 1987లో మనుష్యుల వాడుకకు అనుమతించిరి. దాని ఆవిష్కర్తలైన విలియం కాంప్‌బెల్, సతోషి ఒమురా అనువారికి 2015లో నోబెల్ బహుమతి లభించినది.

అట్లని జంతువులను ఇష్టము వచ్చినట్లు హింసింపవచ్చునా? వీలులేదు. మన దేశమందలి 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ఇందుకు హద్దులు విధించినది. ఇతర మార్గమున్నచోట జంతువుపై ప్రయోగము మానవలెను. ఎలుక, కుందేలు వంటి చిన్న జంతువుతో పని జరుగునపుడు పెద్ద జంతువు జోలికి పోరాదు. కోత వంటివి చేయునపుడు మత్తు ఈయవలెను. 1998 నాటి నియమముల ప్రకారము ప్రతి సంస్థలోను జంతు నైతిక సంఘముండి, ప్రతి ప్రయోగమును ముందుగా పరిశీలింపవలెను. జంతువులు లేకుండ జీవకణములతోను, కంప్యూటరు లెక్కలతోను చేయు కొన్ని పరీక్షలను కూడ 2023లో మన మందుల నియమములలో గుర్తించిరి.

జంతువుల నుండి మనుష్యులకు

జంతువులలో నిరపాయమని తేలినంత మాత్రమున మనుష్యులలో నిరపాయమని చెప్పజాలము. థాలిడోమైడ్ అను నిద్రమందు 1957లో జర్మనీలో అమ్మకమునకు వచ్చినది. ఎలుకలకు ఎంత ఎక్కువగా ఇచ్చినను అవి చావలేదు గనుక చాల సాధువైన మందని ప్రచారము చేసిరి. కాని గర్భముపై దాని ప్రభావమును ఎవరును సరిగా పరీక్షింపలేదు. గర్భవతులు దానిని వేవిళ్ళకు వాడిరి. 1961లో అమ్మకము ఆపులోపుగా, ఆ తరువాతను, పదివేలమందికి పైగా శిశువులు కాలుసేతులు సరిగా ఏర్పడక జన్మించిరి.

కావున జంతువుల తరువాత మనుష్యులలో పరీక్ష తప్పదు. అది మెట్టు మెట్టుగా జరుగవలెను. మొదటి మెట్టులో కొద్దిమందికిచ్చి, అపాయమేమైన కలుగుచున్నదా అని చూతురు. రెండవ మెట్టులో ఇంకను కొంతమందికిచ్చి, ఎంత మోతాదు తగునో నిర్ణయింతురు. మూడవ మెట్టులో వేలమందికిచ్చి, నిజముగా రోగము తగ్గుచున్నదా అని లెక్క తీయుదురు.

హైదరాబాదులో తయారైన కోవాక్సిన్ టీకాను ఉదాహరణముగా తీసికొందము. 2020లో దానిని చిట్టెలుకల జాతి జంతువులలోను, 20 కోతులలోను పరీక్షించిరి. మనుష్యులలో మొదటి మెట్టున 375 మంది, రెండవ మెట్టున 380 మంది, మూడవ మెట్టున 25,798 మంది పాల్గొనిరి. మూడవ మెట్టులో సగము మందికి టీకా, సగము మందికి టీకామందు లేని సూది ఇచ్చిరి. ఎవరికేది ఇచ్చినదియు వారికి గాని, సూది వేసినవారికి గాని తెలియదు. ఇట్లు చేయుట మోసము కాదు. రెండు వర్గములను పోల్చి చూడనిదే మందు పనిచేసినదో, రోగము దానంతటదియే తగ్గినదో తేలదు. అయితే, తనకు మందు లేని సూది రావచ్చునను సంగతి పాల్గొనువానికి ముందే తెలియవలెను. తెలిసి ఒప్పుకొన్నప్పుడే అది న్యాయమగును.

పరిశోధనలలో పాల్గొన్న సామాన్యుల పేర్లు సాధారణముగా చరిత్రలో నిలువవు. ఒక్క పేరు మాత్రము మన ప్రాంతమున నిలిచినది. 1897 ఆగస్టులో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు మలేరియా జ్వరము దోమల వలన వచ్చునేమోనని పరీక్షించుచుండెను. హుసేన్ ఖాన్ అను మలేరియా రోగి తన్ను దోమలు కుట్టుటకు అంగీకరించి, దోమకొక అణా చొప్పున పుచ్చుకొనెను. ఆ దోమల కడుపులోనే ఆగస్టు 20వ తేదీన రాస్ మలేరియా క్రిమిని కనుగొనెను. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షులపై ప్రయోగములు చేసి, దోమకాటు వలన మలేరియా ఒకదానినుండి మరొకదానికి సంక్రమించునని రుజువు చేసెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. నేడైనచో అట్టి పరీక్షకు ముందు రోగికి ఏమి చెప్పవలెనో, ఎంత డబ్బు ఈయవచ్చునో నిర్ణయించుటకు ఒక సంఘముండును. నాడు అట్టి నియమమేదియు లేదు.

అడుగకుండ చేసిన పరిశోధనలు

నియమము లేనిచోట ఎంతటి అన్యాయము జరుగగలదో రెండు ఉదాహరణములు చెప్పెదము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మనీలోని నాజీ వైద్యులు ఖైదీలపై ఘోరమైన ప్రయోగములు చేసిరి. 1946-47లో న్యూరెంబర్గు నగరమున వారిని విచారించి శిక్షించిరి. ఆ తీర్పుతో పాటు పది సూత్రములు వెలువడినవి. మనుష్యుని స్వచ్ఛంద సమ్మతి లేనిదే అతనిపై ప్రయోగము చేయరాదనుట అందు మొదటిది.

రెండవ ఉదాహరణము పల్లెటూళ్ళకు సంబంధించినది. అమెరికాలోని అలబామా రాష్ట్రమున మేకన్ కౌంటీలో 1932 నుండి 1972 వరకు ఆ దేశపు ప్రజారోగ్య శాఖయే సుఖవ్యాధిపై ఒక పరిశోధన నడిపినది. సుమారు 600 మంది నల్లజాతి పురుషులను చేర్చుకొనిరి. వారిలో 399 మంది వ్యాధిగ్రస్తులు. పెక్కుమంది పాలునకు చేయు పేద సేద్యగాండ్రు. "మీకు చెడురక్తము కలదు, ఉచితముగా చూచెదము" అని చెప్పిరే కాని, జబ్బు పేరు చెప్పలేదు. భోజనము పెట్టిరి, ఖననము ఖర్చు ఇచ్చెదమనిరి. 1940వ దశకమున పెన్సిలిన్ ఆ వ్యాధికి నికరమైన మందుగా వచ్చిన తరువాత కూడ దానిని వారికి అందనీయలేదు. జబ్బు ముదిరిన ఎట్లుండునో చూచుటయే వారి ఉద్దేశము. పత్రికలలో బయటపడిన తరువాత 1972లో అది ఆగినది. 1997లో ఆ దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పెను. వచ్చినవారు ప్రభుత్వోద్యోగులు, చేసినది ఉచిత వైద్యమను పేరుతో. అందుచేతనే పాల్గొన్నవారిలో పెక్కుమంది అనుమానింపలేదు.

ఖమ్మం జిల్లా అనుభవము

మన ప్రాంతములో జరిగిన ఒక సంగతిని కూడ పంచాయతీ సభ్యులు తెలిసికొనవలెను. 2009 జూలైలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, 10 నుండి 14 ఏండ్ల వయసు బాలికలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకా వేయుట మొదలుపెట్టిరి. ఒక విదేశీ సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి చేసిన పని యిది. టీకాకు మన దేశమున అప్పటికే అనుమతి కలదు. దానిని పల్లెలలో ఏ విధముగా ఇచ్చిన వీలుగా నుండునో చూచుట దీని ఉద్దేశము. అనగా ఇది పరిశోధన. కాని ప్రభుత్వ సిబ్బంది, ప్రభుత్వ పాఠశాలలు, ప్రభుత్వ వసతి గృహములే ఇందుకు వేదికలైనందున, తల్లిదండ్రులలో అనేకులు దీనిని ఎప్పటివలె జరుగు టీకాల కార్యక్రమమనియే భావించిరి.

ఆ బాలికలలో కొందరి మరణవార్తలు బయటికి వచ్చినవి. 2010 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము ఈ పనిని నిలిపివేసినది. మరణములు టీకా వలన కలిగినవి కావని ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము తెలిపినది. ఆ టీకాను నేడు ప్రపంచమున అనేక దేశములు బాలికలకు వేయుచున్నవి. అయినను సమ్మతి తీసికొన్న విధానములో పెద్ద లోపములు కనబడినవి. గిరిజన బాలికలు చదువు వసతి గృహములలో, తల్లిదండ్రులకు బదులు వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు సంతకములు చేసిరి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము తన 72వ నివేదికలో ఈ లోపములను తీవ్రముగా విమర్శించినది.

దీని వలన నష్టపోయినదెవరు? బిడ్డకు ఏమి వేసిరో తెలియని తల్లిదండ్రులు మొదట నష్టపోయిరి. టీకా మంచిదైనను దానిపై అపనమ్మకము వ్యాపించుటచే క్యాన్సరు నివారణ ప్రయత్నమును వెనుకబడినది. ముందుగా తల్లిదండ్రులను కూర్చుండబెట్టి, "ఇది పరిశోధన, మీ యిష్టమైననే చేర్చుడు" అని చెప్పియున్నచో ఈ రెండు నష్టములును తప్పియుండెడివి.

సమ్మతి అనగా నేమి?

కాగితముపై సంతకమే సమ్మతి కాదు. వేలిముద్రయు సమ్మతి కాదు. అవి సమ్మతికి గుర్తులు మాత్రమే. ఏ మందు ఇచ్చుచున్నారు, ఎందుకిచ్చుచున్నారు, ఎన్నిమార్లు రక్తము తీయుదురు, ఏ బాధలు కలుగవచ్చును, వద్దన్నచో వేరు వైద్యమేది కలదు, ఇవన్నియు తనకు తెలిసిన భాషలో విని, ప్రశ్నలడిగి, ఇంటివారితో ఆలోచించుకొని, ఎవరి బలవంతము లేకుండ ఒప్పుకొనుటయే సమ్మతి. ఒప్పుకొన్న తరువాత కూడ ఎప్పుడైనను కారణము చెప్పకుండ విరమించుకొనవచ్చును. విరమించుకొన్నందుకు ఆసుపత్రిలో అందవలసిన వైద్యము ఆపరాదు.

చదువు రానివారికి సమ్మతి పత్రము చదివి చెప్పునపుడు పరిశోధనతో సంబంధము లేని సాక్షి యొకడు ఆసాంతము ఉండి సంతకము చేయవలెను. 18 ఏండ్లలోపువారి విషయములో తల్లిగాని, తండ్రిగాని, చట్టప్రకారము సంరక్షకుడుగాని సమ్మతింపవలెను. ఏడేండ్లు దాటిన బిడ్డను కూడ అడిగి, ఆ బిడ్డ ఇష్టమును తెలిసికొనవలెను. వయసు వచ్చిన స్త్రీకి బదులు భర్త సంతకము చెల్లదు.

పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలసిన దొకటి కలదు. గ్రామపెద్దల అనుమతి తీసికొని గ్రామములో ప్రవేశించుట మర్యాద, కొన్నిచోట్ల అవసరము కూడ. కాని గ్రామపెద్ద ఒప్పుకొన్నంత మాత్రమున గ్రామస్థుడు ఒప్పుకొన్నట్లు కాదని భారత వైద్య పరిశోధన మండలివారి 2017 నాటి మార్గదర్శక సూత్రములు స్పష్టము చేసినవి. సర్పంచి సంతకము ఊరంతటి సమ్మతి కానేరదు.

డబ్బు కొరకు పాల్గొనువారు

పరిశోధకులు గ్రామమునకు రాకపోయినను, గ్రామస్థులే పట్టణమునకు పోవు సందర్భములు కలవు. ఒక సంస్థ తయారు చేసిన మాత్ర, మొదటి సంస్థ మాత్రతో సమానముగా రక్తములో కలియుచున్నదా అని ఆరోగ్యవంతులకిచ్చి పరీక్షింతురు. మాటిమాటికి రక్తము తీయవలసియుండును గనుక కొన్ని దినములు అచ్చటనే ఉంచి, పాల్గొన్నందుకు డబ్బు ఇత్తురు. ఇది చట్టసమ్మతమైన పనియే. చౌక మందులు ప్రజలకు అందుటకు ఇది అవసరము.

చిక్కు వచ్చునది మధ్యవర్తుల వలన. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ ప్రాంతపు పేద స్త్రీలను ఇట్టి పరీక్షకై హైదరాబాదునకు తీసికొనిపోయి, క్యాన్సరు మందు ఇచ్చిరి. వారిలో కొందరు అస్వస్థులైరి. సంగతి బయటపడగా ఆ సంస్థ అనుమతిని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి నిలిపివేసిరి. అప్పుల బాధలోనున్నవారు డబ్బు కొరకు ఒక పరీక్ష ముగియకముందే వేరొక సంస్థలో చేరుట, పాత జబ్బులను దాచుట కూడ జరుగుచున్నది. దీనివలన వారి ప్రాణమునకే ముప్పు. రెండు మందులు ఒంటిలో కలిసినచో పరీక్ష ఫలితమును తప్పిపోవును. మనుష్యులను పోగుచేసి కమీషను పుచ్చుకొనువారు గ్రామములో తిరుగుచున్నచో పంచాయతీ ఉపేక్షింపరాదు.

చట్టము కల్పించిన రక్షణలు

2019లో మన దేశమున క్రొత్త మందులు, వైద్య పరీక్షల నియమములు అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము ప్రతి పరీక్షను ముందుగా ఒక నైతిక సంఘము పరిశీలించి అంగీకరింపవలెను. ఆ సంఘములో ఏడుగురికి తక్కువ కాకుండ సభ్యులుండవలెను. అందు న్యాయశాస్త్రము తెలిసినవారు, ఒక సామాన్య పౌరుడు, ఒక స్త్రీ ఉండవలెను. సగమునకు తక్కువ కాకుండ ఆ సంస్థతో సంబంధము లేనివారు కావలెను. 2009 జూన్ 15 నుండి మనుష్యులపై జరుపు మందుల పరీక్షలన్నియు జాతీయ రిజిస్టరులో ముందుగా నమోదు కావలెను. ఆ రిజిస్టరు ఇంటర్నెట్టులో ఎవరైనను చూడవచ్చును.

పరీక్ష వలన ఎవరికైన తీవ్రమైన అస్వస్థత గాని, మరణము గాని సంభవించినచో వైద్యుడు 24 గంటలలోగా ఔషధ నియంత్రణాధికారికి, నైతిక సంఘమునకు, పరీక్ష చేయించు సంస్థకు తెలుపవలెను. అస్వస్థులైనవారికి ఉచితముగా చికిత్స చేయింపవలెను. హాని పరీక్ష వలననే కలిగినదని తేలినచో పరిహారము చెల్లింపవలెను. మరణించినచో ఆ పరిహారము అతడు పేర్కొన్న వారసునకు చెందును.

పంచాయతీ సభ్యులు చేయదగినది

ఎవరైనను మందుతోను, సూదితోను, రక్తపరీక్షతోను గ్రామమునకు వచ్చినపుడు ఈ క్రింది ప్రశ్నలను మర్యాదగా అడుగవలెను.

1. ఇది అందరికి ఇచ్చు ప్రభుత్వ కార్యక్రమమా, లేక పరిశోధనయా?
2. పరిశోధనయైనచో ఏ నైతిక సంఘము అంగీకరించినది? జాతీయ రిజిస్టరులో దాని సంఖ్య యెంత?
3. సమ్మతి పత్రము తెలుగులో, గిరిజన ప్రాంతములలో వారికి తెలిసిన భాషలో ఉన్నదా? పాల్గొనువారికి దాని ప్రతి ఇచ్చుచున్నారా?
4. చదువు రానివారికి సాక్షిగా ఎవరుందురు? పిల్లల విషయములో తల్లిదండ్రులను పిలిచితిరా?
5. రాత్రివేళ జబ్బు చేసినచో ఎవరికి ఫోను చేయవలెను? ఏ ఆసుపత్రికి తీసికొనిపోవలెను?
6. పరిశోధన ముగిసిన తరువాత ఫలితమేమైనదో గ్రామమునకు వచ్చి చెప్పెదరా?

సక్రమముగా పనిచేయువారు ఈ ప్రశ్నలకు కోపింపరు. కాగితములు చూపి సమాధానము చెప్పెదరు. సమాధానము దాటవేయువారి సంగతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి, జిల్లా వైద్యాధికారికి తెలుపవలెను.

ప్రశ్నించుట వేరు, నిరాకరించుట వేరు. "ఏదో ప్రయోగమట" అని వదంతి పుట్టించి పోలియో చుక్కలను, బోదకాలు మాత్రలను త్రోసిపుచ్చినచో బాధపడునది మన బిడ్డలే. అవి పరీక్షలు దాటి వచ్చిన మందులు. అట్లే, తెలిసి ఇష్టపూర్వకముగా పరిశోధనలో చేరువారిని ఆపుటయు తగదు. నిన్న ఎవరో ఒప్పుకొని పాల్గొన్నందుననే నేడు మనకు మందు దొరకినది. వారి త్యాగమును మన్నించుటకు ఒకటే మార్గము. రేపు పాల్గొనబోవు మన ఊరి మనిషి సంగతి తెలిసి పాల్గొనవలెను, ఇష్టముండి పాల్గొనవలెను.

ఈ విషయమును రాబోవు గ్రామసభలో ఒకమారు చర్చించి, పై ప్రశ్నలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించినచో ఉపయోగముండును. వసతి గృహములలో చదువు బిడ్డల తల్లిదండ్రులకు ఈ సంగతి ముందుగా తెలియజేయుదురని ఆశించుచున్నాము.